గిటారు సరే... సౌండు పెట్టె మాటేమిటి?
కొత్తగా నేర్చుకునేవారు ఆంప్లిఫయరు కొనేముందు

(మా గ్రామీణ విలేఖరి)

గిటారు నేర్చుకోవాలన్న మోజు పల్లెటూళ్లకు పాకి చాలాకాలమే అయింది. ఆదివారం ఆరాధనలో వాయించేవారు, ఉత్సవాలకు వచ్చే ఆర్కెస్ట్రా పార్టీలను చూసి ఉబలాటపడేవారు, సెల్‌ఫోనులో పాఠాలు చూసి ఇంట్లోనే సాధన చేసేవారు ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద గ్రామంలోనూ వున్నారు. పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు తండ్రిని బతిమాలి పట్నం వెళ్లి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొస్తున్నారు. ఇంటికొచ్చి తీగ మీటితే దోమ పాడినంత శబ్దం కూడా రాదు. అప్పుడు మొదలవుతుంది ఆంప్లిఫయరు వెతుకులాట.

ఈ వెతుకులాటలోనే డబ్బు ఎక్కువగా దండగ అవుతున్నది. గిటారుకు పెట్టినంత డబ్బు మళ్లీ పెట్టి, వీధి వీధంతా వినబడే పెట్టె ఒకటి తెచ్చి, ఇంట్లోవాళ్లు తిట్టడంతో దానిమీద దుప్పటి కప్పి మూల పెట్టినవారు కొందరు. ఊళ్లోని మైక్ సెట్టుకే గిటారు తగిలించి, సినిమాల్లో విన్న మోత రాలేదని గిటారునే తప్పుపట్టేవారు మరికొందరు. కరెంటు విషయంలో అజాగ్రత్త చేస్తే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి కాస్త వివరంగా తరువాత చెప్పుకుందాం.

ముందు మీ గిటారు ఏదో చూడండి

మధ్యలో గుండ్రటి రంధ్రం, లోపల డొల్లగా వుండే గిటారుకు ఆంప్లిఫయరు అవసరమే లేదు. ఆ డొల్లే దాని సౌండు పెట్టె. మన దుకాణాల్లో తరచు కనిపించే కలకత్తా తయారీ గివ్‌సన్ వంటివి ఎక్కువభాగం ఈ రకమే. కొత్తవారు ఏడాదిపాటు దీనిమీద వేళ్లు కాయలు కాసేవరకు సాధన చేస్తే చాలు. పెట్టె కోసం తొందరపడనక్కరలేదు.

ఎలక్ట్రిక్ గిటారు వేరు. దాని ఒళ్లు గట్టి కొయ్య. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్లు వుంటాయి. ఉక్కు తీగ అదిరినప్పుడు ఆ చుట్టలో అతి స్వల్పంగా కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరుకు అందించడమే ఆంప్లిఫయరు పని. నైలాన్ తీగలు వేస్తే ఈ గిటారు పలకకపోవడానికి కారణం కూడా ఇదే. అయస్కాంతానికి నైలానుతో పనిలేదు.

డొల్ల గిటారుకే పిన్ను పెట్టుకునే రంధ్రం వుండి, లోపల పికప్ అమర్చినవి కూడా వస్తున్నాయి. వీటికి ఎలక్ట్రిక్ గిటారు పెట్టె అంతగా నప్పదు. కీబోర్డుకు వాడే పెట్టె గానీ, అకౌస్టిక్ ఆంప్లిఫయరు అని ప్రత్యేకంగా అమ్మేది గానీ తీసుకోవాలి. చర్చిలో మైక్ సెట్టు వుంటే వీటిని దానికే తగిలించినా బాగానే పలుకుతాయి.

మైక్ సెట్టుకు తగిలిస్తే ఏమవుతుంది?

గుళ్లో, చర్చిలో, పంచాయతీ ఆఫీసులో వుండే ఆహూజా వంటి మైక్ సెట్లు మాట స్పష్టంగా దూరం వినబడటానికి తయారైనవి. ఎలక్ట్రిక్ గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని నొక్కేయకుండా తీసుకోవాలంటే లోపలికి తీసుకునే ద్వారం ప్రత్యేకంగా వుండాలి. మైకు కోసం పెట్టిన ద్వారంలో పెడితే గిటారు గొంతు నొక్కినట్లు మొద్దుగా పలుకుతుంది. పైగా గిటారు పెట్టెల్లోని స్పీకరు ఎక్కువ కీచుగా వుండే స్వరాలను తనంతట తానే తగ్గించేస్తుంది. మైక్ సెట్టు హారన్ తగ్గించదు. అందుకే సినిమా పాటల్లో వినిపించే గరగరలాడే గిటారు మోతను హారన్‌లో వింటే రేకుమీద ఇసుక పోసినట్లు వుంటుంది.

ఎన్ని వాట్లు?

దుకాణంలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎక్కువ వాట్లుంటే మంచిదన్న భ్రమ మనవాళ్లలో బలంగా వుంది. పది వాట్ల పెట్టె కంటె వంద వాట్ల పెట్టె పదిరెట్లు గట్టిగా మోగదు. మన చెవికి సుమారు రెండురెట్లు మాత్రమే గట్టిగా తోస్తుంది. చెవి తత్వమే అంత.

రైతుకు అర్థమయ్యేట్లు చెప్పాలంటే బావిమీద మోటారు హెచ్.పి. ఎంత పెంచినా పైపు సన్నదైతే నీళ్లు సన్నగానే వస్తాయి. పెట్టెలో స్పీకరు ఆ పైపు లాంటిది. మూడు అంగుళాల స్పీకరు ఎంత గింజుకున్నా లావు తీగల గంభీరం దానిలో పలకదు. ఎనిమిది అంగుళాలది తక్కువ వాట్లతోనే నిండుగా పలుకుతుంది. కనుక వాట్లతో పాటు స్పీకరు ఎన్ని అంగుళాలో కూడా అడగాలి.

ఇంట్లో సాధనకు పది వాట్లు చాలు, నిజానికి ఎక్కువే. ఫెండర్ కంపెనీ ఫ్రంట్‌మాన్ 10జి అనే పెట్టె 10 వాట్లు, 6 అంగుళాల స్పీకరుతో వస్తుంది. ఆరెంజ్ కంపెనీ క్రష్ 12 అనేది 12 వాట్లు, 6 అంగుళాలు. కరెంటు కోతలున్న ఊళ్లకు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేవి నయం. రోలాండ్ మైక్రో క్యూబ్ జి.ఎక్స్. ఆరు బ్యాటరీలతో నడుస్తుంది, 3 వాట్లు, 5 అంగుళాలు. అంతకంటె చిన్నది బ్లాక్‌స్టార్ ఫ్లై 3, అదీ ఆరు బ్యాటరీలదే. స్ట్రేంజర్, పాల్కో వంటి దేశీయ పెట్టెలు వీటికంటె చవకగా దొరుకుతాయి. రిపేరు వస్తే విడిభాగాలు దొరకడం కూడా సులువే కనుక వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. డ్రమ్ములు వాయించేవాడి పక్కన నిలబడి వాయించవలసి వచ్చిననాడు నలభై, యాభై వాట్ల సంగతి ఆలోచించవచ్చు.

వాల్వులా, ట్రాన్సిస్టర్లా?

పాత మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు ఎరిగిన పెద్దలకు వాల్వులు గుర్తుండే వుంటాయి. స్విచ్ వేసిన తరువాత అవి వేడెక్కి ఎర్రగా వెలిగేవరకు రేడియో పలికేది కాదు. గిటారు ఆంప్లిఫయర్లు ఆ వాల్వులతోనే పుట్టాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఫులర్టన్ ఊళ్లో లియో ఫెండర్ 1938లో పెట్టింది రేడియో రిపేరు షాపు! ఆ షాపులోంచే ప్రపంచమంతా వాడే గిటార్లు, ఆంప్లిఫయర్లు వచ్చాయి. లండనులో డ్రమ్ములు నేర్పుతూ దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో తన మొదటి ఆంప్లిఫయరు తయారుచేయించాడు. శక్తికి మించి వాల్వును తోలితే శబ్దం చిరిగి గరగరలాడుతుంది. మొదట్లో లోపమనుకున్న ఆ గరగరే తరువాత ఫ్యాషనైంది.

వాల్వు పెట్టెలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, వాల్వు పోతే మన దగ్గర దొరకదు. గట్టిగా పెడితే తప్ప అసలు గొంతు రాదు, గట్టిగా పెడితే ఇంట్లో వుండనివ్వరు. కొత్తవారికి నా మాట వద్దనే. ట్రాన్సిస్టరు పెట్టె గట్టిది, చవక, లారీలో వేసుకెళ్లినా తట్టుకుంటుంది. రకరకాల పెట్టెల గొంతులను అనుకరించే డిజిటల్ పెట్టెలు కూడా వచ్చాయి. అవి మంచివే గానీ, బొత్తాలు తిప్పుతూ కూర్చుని వాయించడం మరచిపోయే కుర్రవాళ్లు లేకపోలేదు.

కరెంటుతో చెలగాటం వద్దు

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయరు ఇనుప చట్రానికి కలిసి వుంటాయి. ఆ చట్రం మూడో పిన్ను ద్వారా ఎర్తుకు కలవాలి. మన ఇళ్లలో చాలాచోట్ల రెండు రంధ్రాల ప్లగ్గులే వున్నాయని ఆ మూడో పిన్నును విరిచేయడమో, కన్వర్టరు తగిలించడమో చేస్తున్నారు. లోపల ఏ వైరైనా ఊడి చట్రానికి తగిలితే కరెంటు నేరుగా తీగల్లోకి వస్తుంది. తీగల మీద వున్నది మీ చెయ్యి!

పాడుతూ వాయించేవారికి ముప్పు మరీ ఎక్కువ. చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద. రెండింటిలో ఒకదానికి ఎర్తు చెడితే కరెంటు మనిషి గుండెమీదుగా పోతుంది. 1965లో అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటారుతో మైకు స్టాండును తాకి షాకు కొట్టి స్పృహతప్పి పడిపోయాడు, బతికి బయటపడ్డాడు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణం కోల్పోయాడు. వసతులున్న దేశాల్లోనే అలా జరిగితే పచ్చినేల మీద పందిరి వేసి, స్తంభం నుంచి వైరు లాగి కచేరీ పెట్టే మన దగ్గర ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించుకోవాలి. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి వేసవిలో నీళ్లు పోస్తుండాలి. గిటారు పెట్టెకు, మైక్ సెట్టుకు ఒకే బోర్డునుంచి కరెంటు తీసుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే స్విచ్ పెట్టించుకుంటే కరెంటు దారితప్పిన క్షణంలోనే అది పడిపోతుంది. తడిచేతులతో, ఒట్టికాళ్లతో తడినేల మీద వాయించరాదు. మైకు కొత్తదైతే ముందు చేతి వెనుక భాగంతో తాకి చూడటం అనుభవజ్ఞుల అలవాటు. అది ఎర్తుకు బదులు కాదు సుమా.

అమెరికాలో వున్న అన్నయ్యో, బావగారో పెట్టె పంపిస్తే మరో చిక్కు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పెట్టె వెనుక 120 అని మాత్రమే రాసి వుంటే దాన్ని మన ప్లగ్గులో పెట్టిన మరుక్షణం పొగ వస్తుంది. 100 నుంచి 240 వరకు అని వుంటే ఫరవాలేదు. లేకుంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనక తప్పదు. అడాప్టరుతో నడిచే చిన్న పెట్టెలకు కూడా దానితో వచ్చిన అడాప్టరే వాడాలి. వోల్టులు సరిపోయినా ప్లస్సు, మైనస్సు తారుమారైతే కాలిపోయే ప్రమాదముంది.

దుకాణంలో ఎలా చూడాలి?

మీ గిటారు, మీ వైరు పట్టుకెళ్లండి. దుకాణంలోని ఖరీదైన గిటారుతో విని కొంటే ఇంటికొచ్చాక గొంతు వేరుగా వుంటుంది. అక్కడ పనిచేసే కుర్రాడు చక్కగా వాయిస్తాడు. అతడి చేతిలో అట్టపెట్టె కూడా పలుకుతుంది కనుక మురిసిపోకండి. వచ్చింది ఒక్క కార్డే అయినా మీరే వాయించి చూడండి. సిగ్గు దేనికి?

ముందు బొత్తాలన్నీ మధ్యలో పెట్టించి, గరగర లేకుండా శుభ్రమైన శబ్దం వినండి. అది బాగుంటే మిగతావి బాగుంటాయి. తరువాత వాయించడం ఆపి, వాల్యూము పెంచి వినండి. కాస్త గుయ్‌మనడం సహజం, మోటారులా హోరెత్తితే వద్దు. ఒక్కొక్క బొత్తాన్ని తిప్పితే పటపట చప్పుడు రాకూడదు. పిన్నును అటూ ఇటూ కదిలిస్తే శబ్దం తెగిపోకూడదు. బాగా తగ్గించి కూడా వినడం మరవకండి. ఇంట్లో మీరు వాయించేది ఆ శబ్దంలోనే గనుక.

హెడ్‌ఫోను పెట్టుకునే రంధ్రం వున్నదే కొనండి. పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంట్లో దీని విలువ తెలుస్తుంది. అసలు పెట్టే లేకుండా గిటారుకు నేరుగా గుచ్చి హెడ్‌ఫోనులో వినే వాక్స్ ఆమ్‌ప్లగ్ వంటి అగ్గిపెట్టెంత పరికరాలు కూడా వున్నాయి. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి ఇది మంచి దారి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట సౌండు సెట్లు వాడటం నిషేధం. పక్కింటివారు ఠాణాకు వెళ్లేదాకా తెచ్చుకోనవసరం లేదు.

పాతది కొనేవారికి

విడిపోయిన ఆర్కెస్ట్రా పార్టీల పెట్టెలు చవకగా అమ్మకానికి వస్తుంటాయి. ముందున్న గుడ్డ తొలగించి స్పీకరు కాగితం చిరిగిందేమో చూడాలి. అరగంట వాయించి కాలిన వాసన వస్తుందేమో గమనించాలి. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టి వుంటే ఆ పెట్టె జోలికి పోవద్దు. లోపల ఇంకేమి మరమ్మతులు జరిగాయో చెప్పలేం. వాల్వు పెట్టెను మాత్రం ఎవరూ సొంతంగా విప్పరాదు. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి కండెన్సర్లలో మూడు, నాలుగు వందల వోల్టులు నిలిచి వుండవచ్చు.

నాలుగు లావు తీగల బేస్ గిటారు కొన్నవారు ఈ చిన్న గిటారు పెట్టెలకు దాన్ని తగిలించి గట్టిగా వాయిస్తే స్పీకరు చిరుగుతుంది. బేస్‌కు ప్రత్యేకంగా పెట్టెలున్నాయి. అవి దొరికేవరకు కీబోర్డు పెట్టెలో, అదీ తక్కువ వాల్యూములో వాయించుకోవచ్చు.