మణికట్టుకు మేలు చేసే సుత్తి

టేకు ద్వారబంధానికి పొడవాటి మరమేకును చేతి స్క్రూడ్రైవరుతో బిగించి చూసినవారికి ఆ శ్రమ తెలుసు. సగం దిగేసరికి అరచేయి బొబ్బలెక్కుతుంది, మణికట్టు మొరాయిస్తుంది. విద్యుత్ డ్రిల్లు ఆ శ్రమను తగ్గించింది గాని, మరొక ముప్పును తెచ్చిపెట్టింది. మరమేకు బిగుసుకుపోయినప్పుడు మొన ఆగిపోయి, పట్టుకున్న యంత్రమే గిర్రున తిరగజూస్తుంది. నిచ్చెన మీద నిలిచి పనిచేసేవానికి చేయి బెణకడానికో, పట్టు తప్పడానికో ఆ ఒక్క కుదుపు చాలు.

ఈ రెండు బాధలనూ తగ్గించే పనిముట్టు తీగలేని ఇంపాక్ట్ డ్రైవర్. దీని లోపల ఒక సుత్తి, ఒక దాగలి, ఒక బలమైన స్ప్రింగు ఉంటాయి. పని తేలికగా సాగినంతసేపు సుత్తీ దాగలీ కలిసి తిరుగుతాయి. మరమేకు ఎదురు తిరిగిన క్షణాన సుత్తి స్ప్రింగును నొక్కుతూ వెనుకకు జారి, దాగలి కొమ్మును దాటి, మరల ముందుకు దూకి దానిని పక్కనుండి కొడుతుంది. ఇట్టి దెబ్బలు నిమిషానికి 3,000 పైచిలుకు. ఇవి గోడను తొలిచే యంత్రపు పోట్ల వంటివి కావు. తిప్పే దిశలోనే పడతాయి. ఒక్కొక్క దెబ్బ లిప్తకాలమే ఉండడం చేత, దాని ఎదురుదెబ్బ చేతికి చాలా తక్కువగా తగులుతుంది.

డ్రిల్లుకు తీగ బంధం తెగినది 1961లో. ఆ యేట అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ బ్యాటరీతో నడిచే డ్రిల్లును వెలువరించింది. జెమిని అంతరిక్ష యాత్రల కాలంలో అదే సంస్థ, బోల్టును తిప్పుతూ వ్యోమగామిని మాత్రం తిప్పని ఉపకరణాన్ని రూపొందించింది. నిచ్చెన మీది వడ్రంగిని వేధించే చిక్కే భారరహిత స్థితిలో మరింత పెద్దదై ఎదురైంది.

కొనేముందు

పెట్టె మీది అంకెలను చూసి భ్రమపడరాదు. లిథియం-అయాన్ ఘటం ఒక్కొక్కటి సుమారు 3.6 వోల్టులు, ఐదింటిని వరుసగా కలిపితే 18. నిండుగా ఛార్జి అయిన క్షణాన అవే 21 వరకు చూపుతాయి. కనుక 18, 20, 21 అని వేర్వేరుగా అచ్చయిన పెట్టెలలో చాలావరకు ఉండేవి ఆ ఐదు ఘటాలే. ఊరూ పేరూ లేని కొన్ని పనిముట్లపై కనిపించే 48, 88 వంటి అంకెలకు అసలు వోల్టేజితో సంబంధమే ఉండదు.

బ్యాటరీలో నిలువ ఎంతో చెప్పేది ఆంపియర్-అవర్ల అంకె. 18 వోల్టులలో 2 ఆంపియర్-అవర్లది 36 వాట్-అవర్లు. 5 ఆంపియర్-అవర్లది 90. రెండవది ఎక్కువసేపు నడుస్తుంది, ఎక్కువ బరువూ తూగుతుంది. ఇంటిలో అలమర తలుపులు, కర్టెన్ కడ్డీలు బిగించుకునేవారికి 12 వోల్టులది చాలును. దినమంతా గట్టి కలపతో పెనగులాడేవారికి 18 వోల్టులది తగును. కార్బన్ బ్రష్షులు లేని మోటారుకు ధర హెచ్చు, అరుగుదల తక్కువ. ఒక సంస్థ బ్యాటరీ మరొక సంస్థ పనిముట్టుకు సాధారణంగా అమరదు గనుక, మొదటిది కొన్ననాడే తక్కినవాటినీ ఎన్నుకున్నట్లే.

వాడేటప్పుడు

మరమేకు తలలోని గాడికి సరిగా కూర్చునే బిట్టునే వాడాలి. దెబ్బలకు తట్టుకొనేలా చేసిన బిట్లు వేరుగా దొరుకుతాయి. బిట్టు మార్చేముందు బ్యాటరీ తీసివేయడం మంచిది. గట్టి కలపలో ముందుగా సన్నని రంధ్రం చేసి, నెమ్మదిగా మొదలుపెట్టి, నిటారుగా నొక్కి పట్టాలి. డ్రిల్లులో బిగింపుకు హద్దు పెట్టే క్లచ్ దీనిలో సాధారణంగా ఉండదు. అందుచేత ఇత్తడి మరమేకులు, సన్నని మరమేకులు పుటుక్కున విరుగుతాయి. వాటి చివరి చుట్టు చేతితోనే బిగించాలి. కారు చక్రాల నట్ల తుది బిగింపు టార్కు రెంచితోనే జరగాలి.

చెవులను మరువరాదు. 85 డెసిబెల్లు దాటిన ధ్వనిని నిత్యం గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది; ఈ టకటకలు ఆ హద్దును సులువుగా దాటుతాయి. చెవికి రక్షణ, కంటికి అద్దాలు తప్పనిసరి. మండువేసవిలో బ్యాటరీని మూసిన వాహనంలో వదలరాదు. వేడెక్కినదానిని చల్లారనిచ్చి ఛార్జి చేయాలి.

యంత్రం బలాన్ని ఇస్తుంది. మరమేకు తల చెక్కకు ఆనిన క్షణాన మీటను వదలవలసిన వేలు మాత్రం మనిషిదే.