ఒంటివ్రేలి మంద్రనాదము

సూర్యాపేట చెంతనున్న దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి జరిగెడి లింగమంతుల జాతరలో, గజ్జెలలాగులు తొడిగినవారి "ఓ లింగా" యను కేకలు చెవిని సోకుటకు పూర్వమే, భేరీల మ్రోత గుట్టక్రింద నిలిచిన మన అరికాళ్లకు సోకును. మిర్యాలగూడలో రైసుమిల్లుల నడుమ కాపురముండువారిది మఱియొక యనుభవము: రాత్రియెల్ల సాగు యంత్రపు హోరు వారి నిద్రను చెఱుపదు, కరెంటు పోయి యది ఆగిన క్షణముననే మెలకువ వచ్చును. పాటలో మంద్రస్వరపు స్థానమట్టిది.

మంద్రస్వరము పలికించు బేసు వాద్యమును వాయించిన అమెరికావాసి జేమ్స్ జేమర్సన్ అట్టి స్వరమునకే ఆయువు ధారవోసెను. 1936 జనవరి 29న దక్షిణ కరోలినాలోని ఎడిస్టో ద్వీపమున జన్మించిన యీ నల్లజాతి బాలుడు, చీమలపుట్టలో పుల్ల గ్రుచ్చి, దానికి రబ్బరుపట్టీ బిగించి మీటి, చీమల నాడింపజూచెడివాడని చెప్పుదురు. 1954లో తల్లితో మోటారుకార్ల నగరమగు డెట్రాయిట్ చేరి, పాఠశాలలో నిలువెత్తు బేసువాద్యమును చేపట్టెను. చర్చికీర్తనలలోని ఆర్తిని ప్రేమగీతములలోనికి దింపిన సోల్ సంగీతమునకు పిమ్మట బెర్రీ గోర్డీ స్థాపించిన మోటౌన్ సంస్థ నిలయమైనది. ఒక సామాన్యగృహమే దాని స్టూడియో. "పాములగొయ్యి" యని వాద్యకారులు ముద్దుగా పిలుచుకొన్న ఆ గదిలో, సంస్థ వాద్యబృందమగు ఫంక్ బ్రదర్స్‌తో కూర్చుండి, సుప్రీమ్స్, టెంప్టేషన్స్, స్టీవీ వండర్ మొదలగువారి పాటలకు జేమర్సన్ పునాది వేసెను. 1964 నాటి "మై గర్ల్" వినుడు: గాయకుడు నోరు తెఱువకముందే బేసు గుండెచప్పుడువలె మొదలగును.

కుడిచేతి చూపుడువ్రేలొక్కటే ఆయన సాధనము. తోటివారు దానిని "కొక్కెము" అనిరి. 1962 నాటి తన ఫెండర్ బేసు గిటారు తీగెలను అవి తెగిననే తప్ప మార్చెడివాడు కాడు. పట్టిన జిడ్డులోనే నాదమున్నదని ఆయన నమ్మకము. మన పెద్దలు పాతచట్టిలో పులుసు రుచియనుట లేదా!

అయినను రికార్డుల అట్టలపై గాయకుల ముఖములే మెఱసినవి. కోదాడ బస్టాండులో మేము కొన్న కాసెట్లపైనను గాయకుడు, కవి, సంగీతదర్శకుడు కనబడిరే గాని, రాత్రిబస్సు సీటును అదరగొట్టిన ఆ బేసు ఎవరిదో తెలియలేదు. అడుగవలెనని మాకు తోచనులేదు. 1971లో గాయకుడు మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" రికార్డుపై తుదకు జేమర్సన్ పేరు అచ్చయ్యెను. ఆ రికార్డు శీర్షికగీతమునకు ఆయన మత్తులో కూర్చుండలేక, నేలపై వెల్లకిల పండుకొని వాయించెనని ప్రతీతి.

1972లో మోటౌన్ సంస్థ లాస్ ఏంజిల్స్‌కు తరలినది. ఆయనయు వెంట వెడలెను గాని, పని తగ్గినది, త్రాగుడు పెరిగినది. 1983 మార్చిలో మోటౌన్ రజతోత్సవము జరుగగా, ఆ వైభవమునకు పునాదియైనవాడు దళారి యొద్ద టిక్కెట్టు కొని, వెనుకవరుసలో కూర్చుండి చూచెను. ఇది కృతఘ్నత, మృదువైన పేరు దీనికి లేదు. ఆ యేడు ఆగస్టు 2న, నలుబదియేడేండ్ల వయసున కన్నుమూసెను. 2000లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున ఆయనకు స్థానము లభించినది.

ఆ ఫెండర్ గిటారు మరణమునకు కొలదిదినముల ముందు ఆయన యింటినుండి దొంగిలింపబడెను. మరల దొరకలేదు.