మనసును అడిగే ప్రశ్నలు - భాష పెట్టే చిక్కులు

జ్వరాన్ని కొలిచే థర్మామీటరుకు భాషతో పనిలేదు. మనోవేదనను కొలిచే ప్రశ్నావళికి భాషే పాదరసం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో ఈ సత్యం మరింత స్పష్టమవుతుంది.

ట్రాన్స్‌జెండర్‌గా ఉండడం రోగం కాదు. జన్మతః నమోదైన లింగానికీ ఆత్మభావనకూ పొసగనప్పుడు కలిగే వేదనను గుర్తించడానికి 1997లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఉట్రెక్ట్ ప్రశ్నావళిని ప్రకటించారు. పుట్టినప్పుడు పురుషులుగా నమోదైనవారికొకటి, స్త్రీలుగా నమోదైనవారికొకటి చొప్పున అందులో రెండు ప్రతులుండేవి. 2020లో 18 వాక్యాలతో అందరికీ ఒకే ప్రతి వెలువడింది.

ఇట్టి ప్రశ్నావళిని ఒకరు అనువదించగా, మూలం చూడని మరొకరు దానిని తిరిగి మూలభాషలోకి మార్చి పోల్చడం పరిపాటి. అయినా వ్యాకరణం చిక్కు పెడుతుంది. హిందీలో 'నేను వెళ్ళాను' అనాలన్నా లింగం చెప్పక తప్పదు. తెలుగులో ఆ క్రియ అందరికీ చెల్లుతుంది. కాని 'ఒంటరివాణ్ణి', 'ఒంటరిదాన్ని' అనగానే ఏదో ఒక పక్షం తేల్చుకోవలసిందే. 'నాకు ఒంటరిగా అనిపిస్తోంది' అంటే ఆ చిక్కు తీరుతుంది.

తనది కాని పదంతో పలకరించే ప్రశ్నకు ఎవరు మనసు విప్పుతారు? వేదన ఉండీ 'లేదు' అని గుర్తు పెడితే, అందవలసిన సహాయం అందదు. అందుచేత అనువాదాన్ని ముందుగా ఆ వ్యక్తులకే చదివి వినిపించి, వారికేమి అర్థమైనదో అడిగి సరిదిద్దాలి.