దుకాణానికి బండి కొనబోయే ముందు

మన పెద్దలు ఎద్దును కొనడానికి సంతకు ఒంటరిగా పోయేవారు కారు. తెలిసినవానిని ఒకనిని వెంటబెట్టుకొని పోయి, పళ్లు చూచి, గిట్టలు తట్టి, సుడులు లెక్కించి, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి, ఆ తరువాతనే బేరమాడేవారు. అది పొలానికా, బండికా అన్న సంగతి ఇంటివద్దనే తేల్చుకొని బయలుదేరేవారు. అంతకు ఎన్నో రెట్లు ధర పెట్టి కారు కొంటున్న మనము ఈనాడు ఆపాటి విచారణ చేస్తున్నామా? షోరూము దీపాల వెలుగులో రంగు చూచి, పక్కవీధి వర్తకుడు ఏ కారు కొన్నాడో తలచుకొని, బయానా ఇచ్చి వచ్చేవారే ఎక్కువ. ఇంటి కారు విషయంలో ఇది కొంతవరకు చెల్లవచ్చు. వ్యాపారానికి కొనే బండి విషయంలో చెల్లదు. ఆ బండికి పెట్టే డబ్బు, సరుకుకు పెట్టవలసిన డబ్బే గదా!

జార్జిటౌనులో నాకు తెలిసిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. తండ్రినాటి కాగితాల దుకాణం. బడులు తెరిచే ముందు నోటుపుస్తకాల అమ్మకమే వారికి ఏడాది పంట. పెద్దాయన కూతురి పెండ్లి సంబంధాలు చూస్తున్న రోజులలో, ఏడుగురు పట్టే పెద్ద కారు ఒకటి వాయిదాల మీద కొన్నారు. కారు అన్నగారి పేర, వాయిదాలు దుకాణం పెట్టెలోనుంచి. సరుకు మోయడానికి అది పనికిరాదు కనుక, బాడుగ బండ్ల ఖర్చు తగ్గలేదు. మరుసటి ఏప్రిల్‌లో నోటుపుస్తకాలకు ముందుగా కట్టవలసిన డబ్బు చాలలేదు. సగం సరుకుతో సీజను గడిచింది. తమ్ముని భార్య ఒకనాడు నోరు విడిచి అడిగింది: "ఆ కారులో మేము ఎక్కినదెన్నిసార్లు బావగారూ?" ఆ మాటతో ఇంట పొయ్యిలు వేరుపడే వరకు వచ్చింది. వారి సంగతి చివర మళ్లీ చెబుతాను. ఇటువంటిది మరొక ఇంట జరుగరాదని ఈ నాలుగు మాటలు.

మన తండ్రుల కాలంలో ఈ చిక్కు లేదు. ఏరుకోవడానికి కార్లే లేవు. కలకత్తా వద్ద తయారయ్యే అంబాసిడరు, బొంబాయి ఫియట్టు, మన వండలూరు దగ్గర 1961 నుంచి తయారైన స్టాండర్డు హెరాల్డు, ఈ మూడే ముఖ్యం. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండిన వారున్నారు. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చిన తరువాత ఆ తీరు మారినది. 1998లో ఇరుంగాట్టుకోట్టై నుంచి హ్యుందాయ్ శాంట్రో, ఆ మరుసటి ఏడు మరైమలైనగర్ నుంచి ఫోర్డు ఐకాన్ బయలుదేరినవి. 2010లో ఒరగడంలో రెనో, నిస్సాన్ కంపెనీల ఫ్యాక్టరీ వచ్చినది. కార్లు తయారయ్యే ఊరిలో ఉంటూ కారు ఏరుకోవడం తెలియకపోతే ఎట్లు?

అయితే ఈ చరిత్రలో మరొక పాఠం కూడా ఉన్నది. 1985లో ఆర్భాటంగా వచ్చిన స్టాండర్డు 2000 మూడేండ్లకే నిలిచిపోయినది. ఫోర్డువారు 2022లో ఇక్కడ కార్ల తయారీ ఆపివేసినారు. కనుక వ్యాపారానికి బండి కొనేవాడు కొత్త మోడలును మొదటి ఏడే కొనడం కంటె, నాలుగేండ్లుగా రోడ్డుమీద తిరుగుతున్నదానిని కొనడం మేలు. విడిభాగాలు సులభంగా దొరకవలెను. కంపెనీ షెడ్డులోనే కాక మన పేట మెకానిక్కు కూడ దాని గుట్టు తెలిసియుండవలెను. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో నాలుగు అంగళ్లలో విచారిస్తే ఈ సంగతి ఒక గంటలో తేలిపోతుంది.

ఇక మొదటి ప్రశ్న: బండి ఎక్కవలసినది మనుషులా, సరుకా? ఒక నెలరోజులు చిన్న పుస్తకం పెట్టి, రోజూ ఎక్కడికి పోయినది, ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు, ఎందరు మనుషులు అని వ్రాసి చూడండి. చాలమందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఏడుగురు ఎక్కినది నెలకు ఒక్కసారి, అదీ తిరుపతి ప్రయాణానికి! మిగిలిన ఇరవై అయిదు రోజులు ఒక మనిషి, రెండు అట్టపెట్టెలు.

మందుల ఏజెన్సీ, స్టేషనరీ, విడిభాగాల వంటి తేలికసరుకు వ్యాపారాలకు మారుతీ ఈకో వంటి వ్యాను చాలును. సరుకు కోసమే చేసిన రకం కూడ అందులో ఉన్నది. బియ్యం, నూనె, ఇనుము, టైల్సు వంటి బరువు సరుకుకు టాటా ఏస్ వంటి చిన్న ట్రక్కు కావలెను. 2005లో వచ్చిన ఆ బండికి మన తమిళ సోదరులు 'కుట్టి యానై' అని ముద్దుపేరు పెట్టినారు; గున్న ఏనుగు అన్నమాట. జార్జిటౌను సందులలో పెద్ద లారీ దూరని చోట ఇది దూరుతుంది. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకుబండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్టు అక్కరలేదు. కాని ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావలెను. మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్లకు ఒకసారి, ఆ తరువాత ఏటేటా. ఖాతాదారులను కలుసుకొంటూ ఊరంతా తిరిగే ఆడిటరుకో, ఇంజనీరుకో నాలుగు మీటర్ల లోపు చిన్న కారు హాయి. మన వీధులలో నిలుపుకోవడానికి చోటు దొరకడమే సగం పని.

రెండవ ప్రశ్న: కిలోమీటరుకు ఎంత పడుతుంది? అందరూ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడుగుతారు గాని, అసలు ఖర్చు పెట్రోలు కాదు. ఒక ఉదాహరణ వేసి చూద్దాము. అన్ని ఖర్చులతో 9 లక్షలకు కారు కొని, అయిదేండ్ల తరువాత మూడున్నర లక్షలకు అమ్మినామనుకోండి. పోయిన అయిదున్నర లక్షలను పంచితే ఏడాదికి 1,10,000. అందులో 7 లక్షలు నూటికి 9 వంతున అప్పు తెచ్చి అయిదేండ్లు వాయిదాలు కడితే, వడ్డీ ఏడాదికి సుమారు 34,000. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు కలిపి 46,000 అనుకొందాము. ఏటా 12,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 15 వచ్చి, లీటరు 100 రూపాయలైతే పెట్రోలు 80,000. వెరసి 2,70,000, అనగా కిలోమీటరుకు 22 రూపాయల 50 పైసలు. పెట్రోలు అందులో మూడవవంతు కూడ లేదు! నెలకు 20,000 జీతానికి డ్రైవరును పెడితే కిలోమీటరుకు 42 రూపాయల 50 పైసలు. అదే కారు ఏడాదికి 6,000 కిలోమీటర్లే తిరిగితే, డ్రైవరు లేకుండానే 38 రూపాయలు దాటుతుంది. ఈ అంకెలు మీ వ్యాపారానికి తగినట్లు మార్చుకొని, మీ పేటలో టాక్సీ, బాడుగ వ్యాను ధరలతో పోల్చండి. తక్కువ తిరిగే వారికి సొంత బండికంటె బాడుగ బండియే లాభమని తేలితే, అందులో చిన్నతనమేమీ లేదు.

మూడవది పన్నుల సంగతి. ఇక్కడ చాలమంది సగం విని మోసపోతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లమీద జి.ఎస్.టి. నూటికి 18కి తగ్గినది. చిన్న కారు అనగా నాలుగు మీటర్ల పొడవు మించక, పెట్రోలు ఇంజను 1,200 సి.సి., డీజిలైతే 1,500 సి.సి. దాటనిది. మారుతీ డిజైర్ ఈ లెక్కలోనికి వస్తుంది. దానికంటె పొడవైన ఎర్టిగా రాదు; దానికి 40. ఎలక్ట్రిక్ కార్లకు 5 మాత్రమే.

"కంపెనీ పేర కొంటే ఆ పన్ను తిరిగి వస్తుంది" అని కొందరు చెబుతారు. మనుషులు ఎక్కే కారుకు అది రాదు. డ్రైవరుతో కలిపి పదముగ్గురు లోపు పట్టే వాహనాలకు, టాక్సీ నడిపేవారు, కార్లు అమ్మేవారు, డ్రైవింగు నేర్పేవారు తప్ప మిగిలిన వర్తకులకు ఆ జమ లేదు. సరుకుబండికి మాత్రం ఉన్నది. అయిదు లక్షల చిన్న ట్రక్కు మీద కట్టిన 90,000 పన్ను, మామూలు జి.ఎస్.టి. ఖాతా ఉన్న వర్తకునికి జమకు వస్తుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఇదీ రాదు. ఆదాయపు పన్నులో కారుకు ఏటా నూటికి 15 తరుగుదల చూపవచ్చును. ఆ ఏడు 180 రోజులకు తక్కువ వాడితే అందులో సగమే. అమ్మకాల మీద నూటికి ఇంత అని ఉజ్జాయింపుగా లాభం చూపి పన్ను కట్టే చిన్న వర్తకులకు ఈ తరుగుదల వేరుగా దొరకదు. "పన్ను మిగులుతుంది" అన్న మాట విని కారు కొనేవారు, తాము ఏ పద్ధతిలో ఉన్నారో ఆడిటరును ముందుగా అడుగవలెను. కొన్న తరువాత కాదు.

తమిళనాడులో 2023లో సవరించిన జీవితకాలపు రోడ్డు పన్ను కూడ గమనింపదగినది. సొంత కారు ధర 5 నుంచి 10 లక్షల లోపైతే నూటికి 13, పది దాటి ఇరవై లక్షల లోపైతే 18. అనగా 9,90,000 కారుకు సుమారు 1,29,000 కడితే, 10,20,000 కారుకు సుమారు 1,84,000 కట్టవలసి వస్తుంది. ముప్పైవేల హంగు కోసం యాభై అయిదువేల పన్ను! కొనే రోజున ఉన్న రేటును రవాణా కార్యాలయంలో సరిచూచుకొనేది.

నాలుగవది మన ఊరి వానలు. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను ఎవరూ మరువలేదు. 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి వారు తమ కార్లను వంతెనమీదికి ఎక్కించి వరుసగా నిలిపినారు. కనుక అడుగుభాగం నేలకు ఎంత ఎత్తున ఉన్నదో చూడండి. మామూలు ఇన్సూరెన్సు తీసుకొని, నీళ్లలో ఆగిన కారును మళ్లీ తాళం తిప్పి స్టార్టు చేయబోయి ఇంజను పాడైతే, ఆ నష్టం సాధారణంగా మనదే. ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ కొద్ది సొమ్ముతో వస్తుంది. చెన్నపట్నంలో అది దుబారా కాదు. వాడిన బండి కొనేవారు తివాచీ ఎత్తి చూడవలెను. సీటుబెల్టును చివరవరకు లాగి చూడవలెను. అక్కడ ఒండ్రు కనబడితే దండం పెట్టి తిరిగి రావలెను. ఎలక్ట్రిక్ బండి రోజూ ఒకే దారిన తిరిగే సరఫరా పనికి ఎంతో పొదుపు. కాని రాత్రి చార్జింగు పెట్టుకోవడానికి సొంత చోటు ఉన్నదా అని మొదట చూచుకోవలెను.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బండి ఎవరి పేర? దుకాణం డబ్బుతో కొన్న బండి దుకాణం పేరనే ఉండవలెను. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, అప్పు మూడూ ఒకే పేరన ఉండవలెను. ఇంటి పనికి వాడితే ఆ కిలోమీటర్లు పుస్తకంలో వ్రాసి, వాడినవారి ఖాతాలో ఖర్చు వేయవలెను. సొంత వాడకం ఉన్నంతమేర ఖర్చు పన్ను లెక్కలో చెల్లదు. అది చట్టం మాట. ఇంటి శాంతికి కూడ అదే మందు. అన్నదమ్ముల మధ్య కాగితం పెడితే ప్రేమ తగ్గుతుందని మనవారు జంకుతారు. నా అనుభవంలో కాగితం లేనిచోటనే ప్రేమ తగ్గినది.

చివరగా, కొనేముందు బండిని ఖాళీగా కాక మీ సరుకు బరువుతో, మీ వీధిలో, మీ డ్రైవరు చేత నడిపించి చూడండి. రోజుకు ఎనిమిది గంటలు అందులో కూర్చునేవాడు అతడు. అతని నడుము నొప్పి మీ సరఫరా ఆలస్యమే.

కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు మనవారే. ఆయన 1920లో ఒక బస్సుతో పొళ్లాచ్చి, పళని మధ్య వ్యాపారం మొదలుపెట్టినారు. తరువాత ఆయన యూనివర్సల్ మోటారు సర్వీసు దేశంలోనే పేరెన్నికగన్నది. ఒక బండి పని చక్కగా నేర్చుకొన్న తరువాతనే అనేక బండ్లు ఆయన చేతికి వచ్చినవి.

ఇక మన అన్నదమ్ములు. ఆ పెద్ద కారును నష్టానికే అమ్మివేసినారు. దుకాణం పేర తెల్లని చిన్న వ్యాను ఒకటి కొన్నారు. అన్నగారు తన సొంత డబ్బుతో వాడిన చిన్న కారు తీసుకొన్నారు. మొన్న ఆయన కూతురి పెండ్లికి సామానులన్నీ ఆ వ్యానులోనే వచ్చినవి. దానిని తోలుకొని వచ్చినవాడు తమ్ముడు. ఆ కిలోమీటర్లు మాత్రం పుస్తకంలో వ్రాయలేదట!