పొడుపు – విడుపు

తెలుగువారి ఇళ్ళలో పొడుపుకథకు చిరకాలంగా ఒక స్థానం ఉంది. రాత్రి భోజనాలు ముగిసిన తరువాత వాకిట మంచం మీద కూర్చున్న అవ్వ కథ పొడిచేది. చుట్టూ చేరిన పిల్లలు దానిని విప్పేవారు. విప్పలేనివారు ఓడిపోయామని ఒప్పుకుంటేనే జవాబు దొరికేది. పేరుకు కథే గాని అందులో కథ ఉండదు. ఒక వర్ణన, ఆ వర్ణనలో ఒక మెలిక ఉంటాయి. కోడిగుడ్డు తలుపులు లేని ఇల్లవుతుంది. వేరుసెనగకాయ అన్నదమ్ములు నిద్రించే గది అవుతుంది. ఆ మెలికను విప్పే ప్రయత్నంలో పిల్లవాడు తనకు తెలిసిన వస్తువులన్నింటి ఆకారాన్ని, రంగును, గుణాన్ని వరుసగా మనస్సులోకి తెచ్చుకొని పోల్చి చూస్తాడు. సరిపడని వాటిని తోసివేస్తాడు. పరిశీలన, వర్గీకరణ, తర్కం అని పెద్దవారు పేర్లు పెట్టిన వ్యాపారమంతా ఆ మంచం దగ్గరే జరిగిపోతుంది.

ఇటువంటి సాధనం చేతిలో ఉండగా ప్రాథమిక పాఠశాల చాలాకాలం దానిని గుమ్మం బయటనే నిలిపింది. ఎక్కాలు వల్లించడం, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేయడం చదువుగా చెలామణి అయ్యాయి. జవాబు తెలిసినవాడు తెలివైనవాడు, తెలియనివాడు మొద్దు అనే తీర్పు ఏడెనిమిదేళ్ళ వయస్సులోనే పడిపోయేది. ఆ తీర్పును నమ్మిన పిల్లవాడు క్రమంగా ప్రయత్నించడమే మానుకుంటాడు. ప్రహేళిక చేయగల మేలు ఇక్కడ కనిపిస్తుంది. దాని జవాబు మొదట ఎవరికీ తెలియదు. తప్పు ఊహలు చేయకుండా దానిని విప్పడం సాధ్యం కాదు. కాబట్టి తప్పు చేయడం అక్కడ నేరం కాదు, ఆటలో భాగం.

ప్రహేళిక అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది. అరవైనాలుగు కళల పట్టికలో దానికి చోటుంది. దండి తన కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలను వివరించాడు. మహాభారతంలోని యక్షప్రశ్నలు అందరికీ తెలిసినవే. అయితే దండి దృష్టిలో అవి పండితగోష్ఠులకు వినోదం. బోధనకు చేరువగా వచ్చినవి గణితగ్రంథాలు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో తుమ్మెదలు, హంసలు, తామరలు లెక్కలై పలుకుతాయి. అదే కోవలో తెలుగునాట నోటిమాటగా నిలిచిన లెక్క ఒకటి ఉంది. చెరువులో కొన్ని తామరలు, వాటి మీదికి వచ్చిన కొన్ని తుమ్మెదలు ఉన్నాయి. పువ్వుకొక్కటి చొప్పున వాలితే ఒక తుమ్మెద మిగులుతుంది. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు మిగులుతుంది. తుమ్మెదలెన్ని, తామరలెన్ని?

ఉన్నత పాఠశాల విద్యార్థి దీనిని సమీకరణంగా రాసుకుంటాడు. మూడవ తరగతి పిల్లకు సమీకరణం అక్కరలేదు. నాలుగు ఆకులు, గుప్పెడు చింతగింజలు చాలు. ఒక ఆకు పెట్టి చూస్తుంది, కుదరదు. రెండు ఆకులకు మూడు గింజలు తీసుకుంటుంది. రెండేసి పెట్టబోతే రెండవ ఆకు మీద ఒక గింజ పడుతుంది, ఖాళీ ఆకు మిగలదు. మూడు ఆకులకు నాలుగు గింజలు తీసుకున్నప్పుడు రెండు ఆకుల మీద రెండేసి సరిపోయి మూడవది ఖాళీగా నిలుస్తుంది. మూడు తామరలు, నాలుగు తుమ్మెదలు. ఆ పిల్ల చేసినది వట్టి ఊహ కాదు. ఒక నిబంధనను పాటిస్తూ, మరొక నిబంధనతో సరిచూస్తూ క్రమంగా ముందుకు జరిగింది. బీజగణితానికి పునాది అదే. ‘ఎక్స్’ అనే అక్షరం తరువాత వచ్చినా నష్టం లేదు.

పాశ్చాత్యదేశాలలోను ఈ సంప్రదాయం పాతదే. 8వ శతాబ్దిలో జన్మించి షార్లమేన్ చక్రవర్తి ఆస్థానంలో గురువుగా ఉన్న ఆల్క్విన్ పేరిట లాటిన్ భాషలో యాభైమూడు లెక్కల సంపుటి ఒకటి ప్రచారంలో ఉంది. కుర్రవాళ్ళ బుద్ధికి పదును పెట్టే లెక్కలని దాని పేరుకు అర్థం. తోడేలు, మేక, క్యాబేజీలను పడవలో ఏరు దాటించే చిక్కు అందులో కనిపిస్తుంది. తెలుగుపిల్లలు దీనినే పులి, మేక, గడ్డిమోపుగా ఎరుగుదురు. పడవలో మనిషితోపాటు ఒక్కదానికే చోటు. ఒంటరిగా వదిలితే పులి మేకను తింటుంది, మేక గడ్డిని మేస్తుంది. మొదట మేకను దాటించాలన్నది పిల్లలకు త్వరగానే తడుతుంది. రెండవసారి పులిని దాటించగానే అందరూ ఆగిపోతారు. అవతలి ఒడ్డుకు చేర్చిన మేకను తిరిగి ఇవతలికి తీసుకురావడం ఎవరికీ నచ్చదు. చేసిన పని చెడగొట్టుకున్నట్లు అనిపిస్తుంది. నిజానికి విడుపు అక్కడే ఉంది. మేకను వెనుకకు తెచ్చి, గడ్డిని దాటించి, మళ్ళీ వచ్చి మేకను తీసుకుపోతే మొత్తం ఏడు ప్రయాణాలలో పని ముగుస్తుంది. తరగతిలో ముగ్గురు పిల్లలకు పులి, మేక, గడ్డి వేషాలిచ్చి, నాలుగోవాడిని పడవవాడిని చేసి, నేల మీద సుద్దముక్కతో ఏరు గీస్తే చాలు. మేకను వెనుకకు పిలిచిన పిల్లవాడి ముఖం చూస్తే ఏ పరీక్షా అవసరం లేదు.

నేడు అట్టముక్కలుగా అంగళ్ళలో అమ్మే బొమ్మల చిక్కులు అసలు పుట్టినదే బోధన కోసం. 1760 దశకంలో లండన్ నగరంలో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ దేశపటాలను పలుచని చెక్కకు అంటించి, సరిహద్దుల వెంబడి ముక్కలుగా కోసి అమ్మాడు. ముక్కలను తిరిగి కూర్చుతూ పిల్లలు భూగోళం నేర్చుకోవాలని అతని ఉద్దేశం. పాత క్యాలెండరు అట్ట, గోందు, కత్తెర ఉన్న ఏ ఉపాధ్యాయుడైనా దీనిని ఒక సాయంత్రంలో తయారుచేసుకోవచ్చు. జిల్లాల పటమైతే మరీ మంచిది. తమ జిల్లా ముక్క ఎక్కడ ఇముడుతుందో వెదికే పిల్లవాడు ఇరుగుపొరుగు జిల్లాలను తనంతట తానే గుర్తుపెట్టుకుంటాడు. కాకపోతే అట్టను అప్పుడప్పుడు మార్చుకోవలసి వస్తుంది. 2019లో తెలంగాణ జిల్లాల సంఖ్య 33కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలను 26గా విభజించారు.

భాషాబోధనకు ప్రహేళిక మరింత దగ్గరి బంధువు. 1913లో అమెరికాలోని న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ ప్రచురించిన పదచిక్కు ప్రపంచమంతా వ్యాపించి తెలుగులో గళ్ళనుడికట్టు అయింది. ఆంగ్లంలో ఒక్కొక్క గడికి ఒక్కొక్క లిపిచిహ్నం. తెలుగులో గడికి ఒక పూర్తి అక్షరం. ‘స్త్రీ’ అనే మాటలో మూడు హల్లులు, ఒక అచ్చు కలిసి ఒకే గడిలో ఒదుగుతాయి. ‘ఉపాధ్యాయుడు’ అనే మాటకు అయిదు గడులు పడతాయి. సంయుక్తాక్షరాలంటే భయపడే నాలుగవ తరగతి విద్యార్థికి అక్షరమంటే ఏమిటో ఏ వ్యాకరణసూత్రం కన్నా ఈ గళ్ళే బాగా చెబుతాయి. ఇంకా చిన్నవారికి మూడక్షరాలిచ్చి తారుమారు చేయమనవచ్చు. క, ల, ప అనే అక్షరాలను ఆరు విధాలుగా పేర్చవచ్చు. వాటిలో కలప, పలక అనే రెండే పిల్లలు ఎరిగిన మాటలు. ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటిగానే ఉండే జలజ, మడమ, కునుకు, నందనం వంటి మాటలను వెదకమంటే తరగతి అంతా వికటకవులై వెదుకుతుంది. అంతకు మించిన పని పిల్లలచేత పొడుపుకథలు కట్టించడం. సుద్దముక్క గురించి ఒక కథ కట్టమంటే, నోరు లేకపోయినా పాఠం చెబుతుందని, చెప్పినకొద్దీ చిక్కిపోతుందని ఒక పిల్ల చెప్పవచ్చు. వ్యాసంలో పది వాక్యాలు రాయలేని పిల్ల రెండు వాక్యాలలో రూపకాన్ని సాధించిందన్నమాట.

అంకెల చదరాన్ని కూడ ఇక్కడ చెప్పుకోవాలి. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలను తొమ్మిది గళ్ళలో నింపి, అడ్డంగా, నిలువుగా, మూలకు మూలగా ఎటు కూడినా పదిహేను రావాలి. రెండవ తరగతి పిల్లలచేత యాభై కూడికలు చేయించాలంటే బతిమాలవలసిందే. ఈ చదరం ఇస్తే అడగకుండానే వందసార్లు కూడుతారు. కొంతసేపు తంటాలు పడిన తరువాత ఒకటి తొమ్మిదితో, రెండు ఎనిమిదితో, మూడు ఏడుతో, నాలుగు ఆరుతో జతకూడి పది అవుతాయని, ఒంటరిగా మిగిలిన అయిదు నట్టనడుమ కూర్చోవాలని వారిలో ఎవరో ఒకరు కనిపెడతారు. పై వరుసలో 2, 7, 6. నడిమి వరుసలో 9, 5, 1. క్రింది వరుసలో 4, 3, 8 పెడితే చదరం నిండుతుంది.

బాలల హక్కుగా విద్యను గుర్తించిన 2009 నాటి చట్టం, పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా భయం లేకుండా నేర్చుకోవాలని నిర్దేశించింది. అంతకుముందే 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని, బట్టీపద్ధతిని విడనాడాలని కోరింది. 2023లో కేంద్రప్రభుత్వం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ అనే బోధనోపకరణాల పెట్టెలో ఆటబొమ్మలతోపాటు ప్రహేళికలకూ చోటు దక్కింది. కాగితం మీద అడ్డంకి లేదు.

అడ్డంకి అమలులో ఉంది. సీతాకోకచిలుక బొమ్మ రెక్కలలో గుణకారాలు నింపి దానిని ప్రహేళిక అనడం చేదుమందును బెల్లంలో పెట్టి మింగించడమే. అందులో విప్పవలసిన మెలిక లేదు. చురుకైన ఒక్క పిల్లవాడు జవాబు అరిచేస్తే మిగిలిన ముప్పైమంది ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. గడియారం చూసి పోటీ పెట్టడం, ముందు చెప్పినవారికి బహుమతి ఇవ్వడం కూడ ఇంతే. నిదానంగా ఆలోచించేవారికి మళ్ళీ పాత తీర్పే మిగులుతుంది. అందువల్ల జవాబును చెవిలో చెప్పించుకోవడం, ఇద్దరిద్దరిని జతచేసి ఆలోచింపజేయడం, ‘ఎలా తట్టింది?’ అని అడగడం మేలైన పద్ధతులు. ఉపాధ్యాయుని తొందర అన్నింటికన్నా పెద్ద చేటు. పాఠ్యాంశం వెనుకబడుతుందన్న బెంగతో అతడు అయిదు నిమిషాలలోనే విడుపు చెప్పేస్తాడు. విప్పిన తరువాత ప్రహేళికకు విలువ ఉండదు.

జవాబు లేని చిక్కులను కూడ తరగతికి తేవచ్చు. చదరం గీసి, దాని రెండు కర్ణాలను గీసి, సుద్దముక్క ఎత్తకుండా, గీచిన గీతను తిరిగి గీయకుండా దానిని గీయమంటే ఎవరూ గీయలేరు. దాని పైన ఇంటికప్పు వలె మరి రెండు గీతలు చేర్చితే సాధ్యమవుతుంది, అదీ క్రింది మూలలలో ఒకదాని నుంచి మొదలుపెట్టితేనే. ఎన్ని గీతలు ఏ చుక్క వద్ద కలుస్తున్నాయో లెక్కించమంటే కారణం బయటపడుతుంది: బేసిసంఖ్యలో గీతలు కలిసే చుక్కలు రెండుకు మించి ఉండరాదు. చదరంలో అవి నాలుగు. ఆయిలర్ 1736 నాటి రచనలో కోనిగ్స్‌బర్గ్ నగరపు ఏడు వంతెనలను ఒక్కొక్కసారే దాటి రావడం అసాధ్యమని ఈ తర్కంతోనే తేల్చాడు. వాకిట చెయ్యెత్తకుండా మెలికల ముగ్గు వేసే తల్లులను చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. ఇటువంటి చిక్కును సాయంత్రం బడి వదిలే వేళ నల్లబల్ల మీద గీసి, జవాబు చెప్పకుండా వదిలివేస్తే అది పిల్లలతోపాటు ఇంటికి పోతుంది. మరునాడు వాళ్ళు తిరిగివచ్చేటప్పుడు అవ్వ పొడిచిన మరొక కథను ఉపాధ్యాయుని కోసం మోసుకొస్తారు.