మందారమును మన శిరోజములును

చిక్కడపల్లిలో మా యింటి ముంగిట నొక యెఱ్ఱ మందారపు చెట్టు కలదు. తెల్లవాఱకమునుపే పూజకై కొందఱును, తలకు నూఱుకొనుటకై కొందఱును దానికడకు వత్తురు. గడచిన శ్రావణమున, పోటీపరీక్షల శిక్షణకు పేరుపడిన అశోకనగరునుండి, వసతిగృహమున నుండి చదువుకొనుచున్న యొక పిల్ల వచ్చి, “అమ్మా, జుట్టంతా ఊడిపోతున్నది. రోజూ నాలుగు పూలు కోసుకోనా?” అని యడిగెను. కోసుకొమ్మంటిని.

రెండు నెలలు ఆమె విడువక పూసికొనెను. దువ్వెననిండ వెండ్రుకలు వచ్చుట మాత్రము తగ్గలేదు. “ఇంకను కొన్నాళ్లు చూడు” మని నేను చెప్పుచు వచ్చితిని. ఒకనాడు ఆమె మా మెట్లెక్కి యాయాసముతో కూలబడెను. క్రింది కనుఱెప్పను దించి చూడగా లోపల తెల్లగా పాలిపోయి యుండెను. రక్తపరీక్ష చేయించగా హెమోగ్లోబిను 8 గ్రాములని తేలినది. గర్భిణికాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గరాదు. ఉదయము చాయ, రాత్రి చాయ, నడుమ నేదో కొంచెము తిని చదువుచున్న పిల్లకు పూలిచ్చితినేగాని, “అన్నము తింటివా?” యని యొక్కనాడైన నడుగనైతిని. ఆ సిగ్గుతోనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మందారమును నిందించుట నా యుద్దేశము కాదు. అది చేయు మేలు చేయనే చేయును. దాని యాకులయందును పూలయందును జిగురు కలదు. ఆ జిగురు వెండ్రుకపై పలుచని పూతగా నిలిచి, చిక్కు విడదీసి, మెత్తపఱచును. గొట్టపుబావుల నీటితో బిరుసెక్కిన మన పేటల తలకట్టునకు ఇది గొప్ప యుపకారము. జుట్టు మొలిపించుట వేఱుమాట. 2003లో ప్రకటితమైన యొక పరిశోధనమున ఎలుకలకు దీని సారము పూయగా రోమములు పెరిగినవి. పూవుకంటె ఆకే మేలనియు తేలినది. కాని మనుష్యులయం దట్టి బలమైన రుజువింకను లేదు.

“నాకు మందారముతోనే మరల జుట్టు వచ్చిన” దనువారు అసత్యమాడువారు కారు. తీవ్రజ్వరము వచ్చి తగ్గిన పిమ్మటను, కాన్పు పిమ్మటను, రెండు మూడు నెలలకు జుట్టు రాలుటయు, కొన్ని నెలలలో తనంతట మరల మొలచుటయు దేహధర్మము. ఆ సమయమున పూసిన దేదైనను యశము దానికే దక్కును.

పేరునుగూర్చి యొక హెచ్చరిక. మా తండ్రిగారు నాచే అమరకోశము వల్లెవేయించిరి. అందు మందారము దేవతరువులలో నొకటి. మన పెరటి పూవు జపాపుష్పము. తెనుగున దాసాని యనియు నందురు. మందారశబ్దము జిల్లేడునకును చెల్లును. కావున ప్రాచీనగ్రంథమున మందారమని కనబడగానే నూఱుకొనరాదు. జిల్లేటిపాలు చర్మమును పొక్కించును. కంటబడిన చూపునకే చేటు.

వాడు విధానము సులభము. లేతవి కాని, ముదురువి కాని యాకు లిరువదియు, తొడిమయు కేసరమును తీసిన పూలైదును కడిగి, కొంచెము నీటితో మెత్తగా నూఱి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను. ఆ జిగురును తలకు పట్టించి అరగంట తర్వాత కడుగుకొనవలెను. మిగిలినది మఱునాటికి దాచరాదు. నూనె కాచువారు పూలను నీడను రెండుదినము లారబెట్టవలెను. తడి యున్న నూనె చెడును. పది పూలకు 250 మిల్లీలీటర్ల కొబ్బరినూనె చాలును. సన్నని సెగపై రేకులు పెళుసెక్కువఱకు కాచి, చల్లార్చి, వడగట్టి, గాజుసీసాలో నుంచుకొనుడు. ఈ చెట్టునకు పిండినల్లి తఱచుగా పట్టును. దానికై మందు చల్లిన చెట్టు పూలు తలకు పనికిరావు. నారాయణగూడ దుకాణములలో సీసానూనె కొనువారు, పైనున్న బొమ్మనుగాక, వెనుకనున్న చిన్న అక్షరములను చదువుడు.

చర్మమునకైనచో రేకుల జిగురును పెరుగుతో కలిపి పది నిమిషము లుంచి కడుగవచ్చును. ముందుగా ముంజేతిలోపల పూసి యొకదినము చూడుడు. ముఖము మెత్తబడును; రంగు మాఱదు. నిమ్మరసము కలుపకుడు, అది పూసికొని యెండకు బోయిన మచ్చలు పడును.

ఇక అసలుమాట. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తెలంగాణమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని తేలినది. కావున మీ యింట నెవరికైన జుట్టు రాలుచున్నచో, నూఱుట మానవలదు గాని రక్తపరీక్షయు చేయింపుడు. వైద్యు లిచ్చిన యినుపమాత్రలను విడువక వేయుడు. భోజనముతో చాయ త్రాగకుడు. ఇనుము ఒంట బట్టనీయదు. ఉసిరికాయ, నిమ్మరసము అన్నముతో తినుటయే యుక్తము. మందారమునకు దాయాదియైన గోంగూర పప్పుతోకూడి కంచమునకు వచ్చిన మఱియు మంచిది.

ఆ పిల్లకు ఉగాదినాటికి జుట్టు రాలుట తగ్గినది. ఇప్పటికిని ఆదివారము లాకులకు వచ్చును. నేను కోసి యిచ్చుచు, మొదట నడుగవలసిన మాటయే మొదట నడుగుచున్నాను.