పాత ఇంట్లో కొత్త చుట్టం

కంప్యూటరులో బొమ్మలు గీసే ప్రోగ్రాము పనులన్నీ తానే చేసుకోలేదు. ఫైలు తెరవాలన్నా, తెర మీద గీత గీయాలన్నా ఆపరేటింగ్ సిస్టమును అడగవలసిందే. ఇంటికి వచ్చిన చుట్టం మంచినీళ్ళకైనా ఇంటివారినే కదా అడుగుతాడు!

2001లో మైక్రోసాఫ్టువారు విండోస్ ఎక్స్‌పీ అనే సిస్టమును విడుదల చేశారు. తరువాత వచ్చిన సిస్టములలో అనేక కొత్త సదుపాయాలు చేరాయి. ఈనాటి ప్రోగ్రాములు వాటిని పేరుపెట్టి అడుగుతాయి. ఎక్స్‌పీ తన జాబితా అంతా వెతుకుతుంది. ఆ పేరు కనిపించకపోతే ప్రోగ్రాము మొదలే కాదు.

కొందరు నేర్పరులు దీనికొక ఉపాయం పన్నారు. లేని సదుపాయాలను తామే తయారుచేసి, పాత సిస్టముకు జతచేశారు. దానితో కొన్ని కొత్త ప్రోగ్రాములు నడిచాయి.

కాని చుట్టానికి గది కట్టినంత మాత్రాన ఇంటి గోడ కన్నాలు పూడవు. ఎక్స్‌పీకి మామూలుగా చేసే మరమ్మతులను 2014 ఏప్రిల్ 8తో నిలిపివేశారు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము విండోస్‌లోని ఒక లోపం గుండా ప్రపంచమంతటా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటనులో అనేక ఆసుపత్రుల పని స్తంభించింది. అప్పుడు ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒక మరమ్మతు పంపారు. ప్రతిసారీ అలా పంపుతారనే నమ్మకం లేదు.

మీ ఇంట్లో అటువంటి పాత కంప్యూటరు ఉన్నదా? పారవేయనక్కరలేదు. ఇంటర్నెట్టు తీసివేసి, బొమ్మలు గీసుకోండి, కథలు రాసుకోండి. బ్యాంకు పనులు మాత్రం దానిమీద చేయవద్దని నాన్నగారితో చెప్పండి!